మందు తొట్టికి పథ్యం

జయమణి చేపల కాలేయాల మీద పరిశోధన చేస్తోందని చెబితే మా వారు "చేపలకి కూడా కామెర్లొస్తాయా?" అన్నారు. ఆయన అంతే. పట్టించుకోకండి.

నందిగామ టీచర్స్ కాలనీలో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే గోడని పంచుకునేవి. మా వంటింటి కిటికీ తెరిస్తే వాళ్ళ పెరడు. నేను హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని, ఆమె జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. నేను ఉల్లిపాయ తినడానికి కూడా పంచాంగం చూసే ఇంట్లో పుట్టాను. ఆమె కృష్ణ ఒడ్డున చెవిటికల్లులో, చేపల పులుసు మరగని వారం లేని ఇంట్లో పుట్టింది. మా స్నేహానికి ఇవేవీ అడ్డం రాలేదు, ఒక్క వాసన తప్ప. ఆ వాసన గురించే ఈ కథంతా, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

జయమణి తండ్రి సొలొమోను మిరప తోటల్లో కూలి చేసేవాడు. తోటలకి పురుగుమందు కొట్టాక వాన పడితే పక్క కాలవలో చేపలు తెల్లటి పొట్టలతో తేలేవట. పిల్లలంతా వాటిని ఏరుకోవాలని పరిగెత్తేవాళ్ళు, పెద్దవాళ్ళు తరిమేవాళ్ళు. ఈమె మాత్రం తేలినవాటిని వదిలేసి, తేలకుండా ఇంకా ఈదుతున్నవాటిని చూస్తూ కూర్చునేదట. అదే నీళ్ళు, అదే మందు. అవి చచ్చాయి, ఇవెందుకు చావలేదు? ఆ ప్రశ్న పట్టుకుని డిగ్రీ చదివింది, పీజీ చేసింది, లెక్చరర్ అయింది. జగ్గయ్యపేట బస్ డిపోలో గుమాస్తా థామస్‌ని పెళ్ళి చేసుకుంది. ఆ తర్వాత కూడా ఆ ప్రశ్న వదలక పీహెచ్‌డీలో చేరింది. జూనియర్ కాలేజీ లెక్చరర్‌కి పీహెచ్‌డీ ఎందుకని కాలనీలో అందరూ అడిగారు. నేనూ అడిగాను.

"ఎందుకేంటండీ, తెలుసుకోవాలనిపించి," అంది.

ఓసారి నాకు ఆ శాస్త్రమంతా మా గుమ్మంలో కూర్చుని చెప్పింది. "మనం బతకడానికి పీల్చే గాలే లోపల మనల్ని కొంచెం కొంచెం తినేస్తుంటుందండీ. ఇనప పెనం తుప్పు పట్టినట్టు. ఒంట్లోకి విషం పోతే ఆ తుప్పు ఇంకా జోరుగా పడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తుడిచేసే ఎంజైములుంటాయి, ముఖ్యంగా కాలేయంలో." మర్నాడు పుళ్ళు కడిగే పెరాక్సైడ్ సీసా, ఆకులో చుట్టిన చేప కాలేయం ముక్క పట్టుకొచ్చింది. నా వంటింట్లోకి రానివ్వనని తెలుసు కాబట్టి వాళ్ళ పెరట్లోనే, కిటికీలోంచి నాకు కనపడేలా గాజు గ్లాసులో వేసింది. బుస్సుమని నురగ పొంగింది. "చూశారా? ఆ విషాన్ని నీళ్ళూ గాలీ చేసేస్తోంది. చచ్చాక కూడా డ్యూటీ చేస్తోంది పాపం." సర్కారు ఉద్యోగులు ఆ ముక్కని చూసి నేర్చుకోవాలని నాకు అనిపించింది.

అలాంటి ఎంజైముల్లో ఒకదాని పేరు గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్. పేరు పలకడానికే నాకు వారం పట్టింది. దాని గుండెకాయలో సెలీనియం అనే మూలకం ఉంటుందట. ఆవగింజలో అరవయ్యో వంతు కూడా అక్కర్లేదు, కానీ ఆ కాస్తా తిండిలోంచి రావాల్సిందే. అది లేకపోతే ఎంజైము ఒత్తి లేని దీపం. మందు నీళ్ళలో చేపల కాలేయాల్లో ఈ ఎంజైము ఏమవుతుందన్నదే జయమణి పరిశోధన.

వాళ్ళ పెరట్లో రెండు సిమెంటు తొట్లు కట్టించింది. ఊరి పక్క మునేట్లో పట్టించిన మట్టగిడస చేపలు వేసింది. ఒక తొట్టిలో మంచినీళ్ళు, ఒకదాంట్లో మిరప తోటల మందు కొద్దిగా, ప్రాణం పోనంత, ఒంటికి తెలిసేంత. రెండిటికీ తిండి ఒకటే, తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన ఉండలు. గడువు అయ్యాక కాలేయాలు తీసి, ఐసు నింపిన థర్మాకోల్ పెట్టెలో పెట్టుకుని, బస్సెక్కి యూనివర్సిటీకి తీసుకెళ్ళి కొలిచేది. ఐస్‌క్రీమ్ అనుకుని కండక్టర్లు అడిగేవాళ్ళట. మొదటిసారి వానాకాలంలో చేసింది. అనుకున్నట్టే వచ్చింది. మందు తొట్టిలో చేపలకి ఎంజైము తగ్గిపోయింది, కాలేయం దెబ్బతింది. వాళ్ళ ప్రొఫెసర్ ఉమాకాంతం గారు సంతోషించి, ఇదే మళ్ళీ ఒకసారి వేసవిలో చేసి చూపించమన్నారు.

ఇదిగో, ఈ మధ్యలో రత్తమ్మ గారు వచ్చారు.

రత్తమ్మ గారు థామస్ తల్లి. గరికపాడులో ఒంటరిగా ఉండేది. భర్త ప్రేమదాసు పదేళ్ళ కిందట పోయాడు. ఆ క్రిస్మస్‌కి కొడుకు పట్టుబట్టి తెచ్చుకున్నాడు. ఆవిడ రెండు గోనె సంచుల్లో సామాను తెచ్చింది, అందులో ఒకటి ఎండు రొయ్యపొట్టు. జగ్గయ్యపేట సంతలో కొన్నదట, అక్కడి సరుక్కి సాటి లేదట. పెరట్లో పొయ్యి పెట్టుకుని రోజూ ఇంత వేయించుకుని, పొడి చేసుకుని, అన్నంలో కలుపుకునేది. నాకు మా వంటింట్లో నిలబడే దారి లేకపోయింది. కిటికీ వేస్తే పొగ, తీస్తే రొయ్యపొట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెద్దావిడ, పైగా నేనంటే ప్రాణం పెట్టేది, ఏమంటాం? ముక్కు మూసుకుని పప్పు తాలింపు పెట్టుకునేదాన్ని.

ఆవిడకి నా బాధ తెలిసిపోయింది. ఫిబ్రవరిలో ఒకరోజు గోడ దగ్గరకొచ్చి, "పంతులమ్మగారూ, శ్రమల దినాలు మొదలవుతున్నయ్యి. నలభై రోజులు నీసు ముట్టను. మీకు కూడా ఊరట," అని నవ్వింది. ఈస్టరు దాకా అన్నమాట. వాళ్ళ ప్రభువుకి నేను కూడా ఓ దణ్ణం పెట్టుకున్నాను. ఆ వారమే జయమణి రెండోసారి ప్రయోగానికి తొట్లలో కొత్త చేపలు వేసింది.

వారం తిరక్కుండానే మళ్ళీ వాసన. అదీ మధ్యాహ్నం, జయమణి కాలేజీలో, థామస్ డిపోలో ఉండే వేళ. శనివారం ఒంటిపూట బడి అయి ఇంటికొచ్చి కిటికీ తీస్తే గుప్పుమంది. ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చాక ఉండేది కాదు. అంటే జయమణి ఇంట్లో లేనప్పుడే. నాకు అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాను. పాపం ముసలావిడ, జిహ్వ చంపుకోలేక దొంగచాటుగా తింటోంది! మొక్కు తప్పానని కోడలికి తెలిస్తే సిగ్గుపడుతుంది. నాకెందుకు, ఆవిడకీ దేవుడికీ మధ్య సంగతి అనుకుని కిటికీ వేసేశాను. ఒకరి రహస్యం నా కడుపులో దాగడం మా వంశంలోనే మొదటిసారి అయ్యుంటుంది.

ఈస్టరు వెళ్ళాక జయమణి కాలేయాలు తీసుకుని యూనివర్సిటీకి వెళ్ళింది. వెళ్ళిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు. బస్సు దిగి వాళ్ళింటికి వెళ్ళకుండా మా గుమ్మంలో కూర్చుంది. థర్మాకోల్ పెట్టె ఒళ్ళోనే ఉంది.

"తిరగబడిందండీ," అంది.

"ఏంటి, బస్సా?"

"ఫలితం. మందు నీళ్ళలో చేపలకి కాలేయం శుభ్రంగా ఉంది. ఎంజైము మంచినీళ్ళ చేపలకంటే ఎక్కువుంది. పోయినసారి వచ్చిందానికి పూర్తిగా ఉల్టా."

ఉమాకాంతం గారు గ్రాఫు చూసి, "ఏమ్మా, మందు పోస్తే చేపలు బలిశాయా? అయితే రేపట్నుంచి మనం కూడా కాఫీలో ఓ చుక్క కలుపుకుందామా?" అన్నారట. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారట. తర్వాత ఆయన నవ్వడం మానేసి, "రెండిట్లో ఒకటి నిజం కాదు. ఏది కాదో, ఎందుకు కాదో వేసవి సెలవులయ్యేలోగా వచ్చి చెప్పు. చెప్పలేకపోతే నా దగ్గర ఇంక పని చెయ్యొద్దు," అన్నారట. అంకెలు వండిందని ఆయన అనుమానం. అది నోటితో అనలేదు. అంటేనే బాగుండేదని జయమణి అంది.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు అబద్ధం ఆడలేదని చెప్పలేకపోయావా?"

"ఆడలేదని నాకు తెలుసండి. కానీ నిజమేంటో నాకూ తెలీదు. తెలీనిదాన్ని ఎట్టా చెప్పను?"

తర్వాత రోజులు చూడాలి ఆమెని. తొట్లు తారుమారయ్యాయేమో అని ఆలోచించింది. కాలేయాల డబ్బాల మీద పేర్లు మార్చి అంటించానేమో అంది. మందు కల్తీదేమో అని కొత్త సీసా కొనుక్కొచ్చింది. ఆఖరికి తన మీద తనకే నమ్మకం పోయింది. చేతులు చూసుకుంటూ, "ఈ చేతులే ఏదో చేసుంటాయండీ," అనేది. కుడితిలో పడ్డ ఎలుకలా ఎటూ దారి లేక కొట్టుకుంటుంటే చూడలేకపోయాను. ఆమె పాఠం చెబుతుంటే వరండాలోంచి వినేవాళ్ళు పక్క క్లాసుల పిల్లలు. అలాంటి మనిషి ఇప్పుడు క్లాసులో ఒక వాక్యం చెప్పి, అది నిజమేనా అని పుస్తకం తీసి చూసుకుంటోందని తెలిసింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి మళ్ళీ మా గుమ్మంలో కూర్చుంది. "రేపు వెళ్ళి మానేస్తున్నానని చెప్పొస్తా," అంది. "అన్నీ చూశానండీ. నీళ్ళు అవే. మందు అదే. తిండి రెండు తొట్లకీ ఒకటే, తవుడూ చెక్కా. అందులో సెలీనియం ఎక్కడుంటుంది చెప్పండి, ఎంజైము పెరగడానికి? పెరగాలంటే సముద్రపు సరుకేదో తినుండాలి. చేపో రొయ్యో..."

నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. చెయ్యి ఆగిపోయింది.

చెబుదామా, వద్దా? చెబితే ముసలావిడ పరువు పోతుంది. చెప్పకపోతే దీని బతుకు పోయేలా ఉంది. "జయమణీ," అన్నాను, "నువ్వు మీ అత్తగారిని ఏమీ అననని మాటివ్వు. శ్రమల దినాల్లో మధ్యాహ్నం పూట మీ పెరట్లోంచి రొయ్యపొట్టు వాసన వచ్చేది. ఆవిడ చాటుగా తింటున్నారనుకున్నాను."

"అత్తయ్యా? ముట్టలేదండీ! పచ్చడి మెతుకులతో చిక్కిపోయింది. నేనే తిట్టేదాన్ని..." అంటూ ఆగిపోయింది. నన్ను చూసింది. గోడవైపు చూసింది. చెప్పులు కూడా వేసుకోకుండా లేచి పరిగెత్తింది. బియ్యం చాట పట్టుకునే నేను వెనకాల వెళ్ళాను. ఇలాంటిది వదులుకోవడానికి నేనేమైనా సన్యాసినినా?

రత్తమ్మ గారు పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జయమణి ఆవిడ ముందు కింద కూర్చుంది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. చేపలకేమన్నా వేశారా?"

ఆవిడ మొహం పాలిపోయింది. చింతపండు పక్కన పెట్టింది. తర్వాత, "వద్దంటావని చెప్పలేదమ్మా," అంది మెల్లిగా. "నేను నీసు మానుకున్నా. పాస్టరు గారు ఏం చెప్పారు? మనం మానుకున్నది మన సంచిలోనే ఉంటే అది ఉపవాసం కాదు, పిసినారితనం, అది ఆకలిగొన్నోళ్ళ కంచంలో పడాలన్నారు. ఈడ నాకు ఎవరు తెలుసు? ఎదురుగా అవి ఉన్నయ్యి. మట్టగిడసలకి తవుడు పెడతారా ఎవరన్నా? అవి నీసు తినేవి. ఉపవాసం నాకు గానీ వాటికెందుకు?"

"రెండు తొట్లకీ వేశారా?" జయమణి తొట్లవైపు తిరిగింది.

"మందు తొట్టికే. మంచినీళ్ళలోయి బాగానే ఉన్నయ్యిగా. జబ్బు చేసినోళ్ళకే గదా పథ్యం పెట్టేది?" ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ మావ తోటల్లో పురుగుమందు కొట్టి వచ్చిన పూట కళ్ళు తిరుగుతున్నయ్యనేవాడు, ఏమీ సయించేది కాదు. వేయించిన రొయ్యపొట్టు కలిపి పెడితేనే నాలుగు ముద్దలు తినేవాడు. పచ్చిది పెడితే అరగదని వీటికి కూడా వేయించే పెట్టా. నీ చదువు పాడు చేశానా అమ్మా?"

నలభై రోజులు! తను తినాల్సిన రొయ్యపొట్టంతా, తను నోరు కట్టుకుని, వేయించి పొడి చేసి, మందు నీళ్ళలో కొట్టుకుంటున్న చేపలకి పథ్యం పెట్టింది. దొంగతిండి తింటోందని నేను తీర్పు చెప్పేసిన మనిషి.

జయమణి ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టేసింది. "పాడు చెయ్యలా అత్తయ్యా, నేను పిచ్చిదాన్ని కాదని తేల్చారు," అంది. ఆవిడకేమీ అర్థం కాలేదు, అయినా కోడలి తల నిమిరింది, చింతపండు చేత్తోనే. నాకు గుండెల మీంచి కుంపటి దించినట్టయింది. ఆ రాళ్ళ బియ్యం అలాగే వండేశాను. మా వారు ఆ పూట దవడ మీద చెయ్యి వేసుకుని నన్ను చూశారు.

మర్నాడు జయమణి యూనివర్సిటీకి మానేస్తున్నానని చెప్పడానికి కాదు, రొయ్యపొట్టు పొట్లం తీసుకుని వెళ్ళింది. ఉమాకాంతం గారు అంతా విన్నారట. పొట్లం విప్పి వాసన చూసి, గబుక్కున మూసేశారట. ఆయనా మా బాపతే. "నిన్ను అనుమానించాను," అని మాత్రం చెప్పారట, సూటిగా. అందుకు ఆయన మీద నా కోపం సగం తగ్గింది. పొట్టునీ, తవుడునీ, చెక్కనీ పరీక్షకి పంపించారు. పొట్టులో సెలీనియం మిగతా రెండిటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ తేలింది. "కానీ అనుకోకుండా జరిగింది ఆధారం కాదు. కావాలని చేసి చూపించు. ఈసారి నాలుగు తొట్లు కట్టు. మందు ఉన్నవాటిలో ఒకదానికి పొట్టు, ఒకదానికి లేదు, మంచినీళ్ళలోనూ అంతే. అదే కాలంలో, అదే తిండి, అదే చేత్తో," అన్నారు.

అదే చేత్తో అంటే రత్తమ్మ గారి చేత్తోనే. మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. ఆవిడ మళ్ళీ నీసు మానేసింది. మధ్యాహ్నం పెరట్లో పొయ్యి మీద రొయ్యపొట్టు వేగడం మొదలైంది, ఈసారి కోడలు తూచి ఇచ్చినంత. ఏ తొట్టికి వెయ్యకూడదో ఆవిడకి చెప్పడమే కష్టమైంది. పొట్టు లేని మందు తొట్టి పక్కన నిలబడి, "క్షమించండి నాయనా, ఇది చదువు కోసం," అని చేపలకి సంజాయిషీ చెప్పుకోవడం నేను స్వయంగా విన్నాను. విన్నాను అంటే కిటికీ తెరిచే ఉందన్నమాట. ఆ నలభై రోజులూ దాన్ని మూయలేదు. వాసన అలవాటైందని కాదు, అది ఈ జన్మలో కాదు. వాసన రాని రోజు పొయ్యి వెలిగించలేదేమోనని భయం వేసేది.

ఈస్టరు వెళ్ళాక జయమణి పెట్టె పట్టుకుని బస్సెక్కింది. ఆ రోజు నేను బడికి సెలవు పెట్టాను. పిల్లలకి పానిపట్టు యుద్ధం ఒకరోజు ఆలస్యంగా తెలిస్తే కొంపలేమీ మునగవు. రత్తమ్మ గారూ నేనూ వాళ్ళ పెరట్లో ఖాళీ తొట్ల పక్కన కూర్చున్నాం. ఆవిడ తొట్టి అంచు నిమిరింది. తర్వాత తనంతట తనే భర్త ప్రేమదాసు సంగతి చెప్పింది. గరికపాడు తోటల్లో మందు కొట్టే పనికి వెళ్ళనని అతను అంటే, ఇల్లు గడవదని తనే పంపేదట. ఏళ్ళ తరబడి పంపిందట. ఒకనాడు పొలంలోనే గుండె ఆగి పోయాడు. డాక్టరు ఏ మాటా తేల్చి చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళు మందు వల్లేనన్నారు. "నేను పంపాను పంతులమ్మగారూ," అంది. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం గేటు చప్పుడైంది. జయమణి మొహం చూడగానే నా కడుపులో పాలు పోసినట్టయింది.

"వచ్చిందండీ! పోయినసారి వచ్చినట్టే వచ్చింది. మందు నీళ్ళలో పొట్టు తినని చేపలకి కాలేయం పాడైంది. తిన్నవాటికి ఎంజైము నిండుగా ఉంది, కాలేయం చాలా మటుకు నిలిచింది. సార్ ఇదే థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయం అన్నారు. వానాకాలందీ నిజమే, వేసవిదీ నిజమే. రెండూ నిజమేనండీ!" పెట్టె కింద పెట్టి నన్ను కౌగిలించుకుంది. చేపల వాసన. అయినా నేను వదల్లేదు.

రత్తమ్మ గారు పీట మీంచి లేవలేదు. "అమ్మాయ్," అంది. "అంటే... మీ మావకి నేను పెట్టింది..."

జయమణి నవ్వు ఆగింది. ఆమె సంగతి నాకు తెలుసు. చేపల్లో కనపడిందాన్ని మనుషులకి అంటగడితే ఒప్పుకోదు. రొయ్యలు తింటే మందు పట్టదా అని థామస్ సరదాకి అడిగినా కసిరేది. ఇప్పుడు ముసలావిడ కోసం ఒక్క అబద్ధం ఆడుతుందేమో, ఆడితే బాగుండునని నాకు అనిపించింది.

ఆమె వెళ్ళి అత్తగారి పక్కన నేల మీద కూర్చుంది. "మావయ్య సంగతి నేను కొలవలేదు అత్తయ్యా. చెప్పలేను. కానీ మీరు పెట్టింది ఉత్త తిండి కాదు. లోపలికెళ్ళి కాపు కాసే తిండి. అది మాత్రం కొలిచా. రెండుసార్లు కొలిచా."

రత్తమ్మ గారు ఆ ఖాళీ తొట్టివైపు చూస్తూ తల ఊపింది. కళ్ళు తుడుచుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

"అది చాలమ్మా," అంది. "ఇన్నేళ్ళూ ఆయన్ని పనికి పంపిందే గుర్తు పెట్టుకున్నా. అన్నం పెట్టింది గుర్తే లేదు నాకు."